శవం కాడి మాట

రాయచెర్లు హొన్నూరమ్మకు ఏడవడం వచ్చు. నేను వెక్కిరించడం లేదు. మా పక్క ఊళ్లలో ఎవరైనా పోతే పాడె కట్టేవాడి కంటే ముందు ఆమెకే కబురు వెళ్లేది. ఏడవడం ఎవరికి రాదు అనుకునేవాళ్లు ఒకసారి ఆమె పక్కన కూర్చుని ఏడ్చి చూడాలి. రెండు మాటలకే గొంతు పూడిపోతుంది, మూడో మాట దొరకదు. హొన్నూరమ్మకు మాత్రం పోయిన మనిషి పుట్టుక నుంచి పోక దాకా అన్నీ వరసగా, రాగంగా నోటికొచ్చేవి. వింటున్న మగవాళ్లు తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకునేవాళ్లు.

నా పేరు కొల్లప్ప. రాష్ట్రం సరిహద్దుకు ఆనుకుని ఉన్న వై.ఎన్.హొసకోటలో ఎరువుల అంగడి నడుపుతాను. రాయచెర్లు పొలాలు సోలార్ ప్లేట్ల కిందికి పోయాక అక్కడి నుంచి యూరియా అడిగే మనిషి రావడం మానేశాడు. దాంతో జనాన్ని చూడడానికి, చూసి తిట్టుకోవడానికి నాకు తీరిక దండిగా దొరికింది. రాయచెర్లులో మా ఇల్లు, హొన్నూరమ్మ ఇల్లు పక్కపక్కనే. ఆమె నాకు వరసకు వదిన. అందుకే ఇదంతా నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు.

ఆమె పుట్టింది మంగళవాడలో. మా చిన్నరంగప్పకు ఇచ్చి చేశారు. చిన్నరంగప్ప మంచివాడే, సారాయి దొరకనప్పుడు. ఇద్దరూ కలిసి మేపిన గొర్రెల్ని ఒక్కొక్కటిగా తాగేసి, చివరికి తానూ పోయాడు. ఆ రోజు శవం పక్కన కూర్చుని హొన్నూరమ్మ మొదటిసారి గొంతెత్తింది. మొగుడి తాగుడు, ఆ తాగుడుకు చాటుగా డబ్బులిచ్చిన అత్త, చూస్తూ ఊరుకున్న ఊరి పెద్దలు, ఎవరినీ వదలలేదు. పేరు పెట్టి మరీ ఏడ్చింది. ఎవరూ మారు మాట్లాడలేదు. ఏడుపు అయ్యాక అత్తే లేచి చెంబుతో నీళ్లు తెచ్చి కోడలి ముఖం కడిగింది.

మా వాళ్లలో అది పద్ధతి. శవం దగ్గర ఆడమనిషి ఏమైనా అనవచ్చు, ఎవరినైనా అనవచ్చు. అనిపించుకున్నవాళ్లు ఎదురు చెప్పకూడదు. ఏడుపు ముగిశాక వాళ్లే నీళ్లు తెచ్చి ఇవ్వాలి. ఆ నీళ్లతో ఆ మాట తీరిపోయినట్టు. మర్నాడు దాన్ని ఎత్తినవాణ్ణి మనిషిగా లెక్క కట్టరు. శవం కాడి మాట శవంతోనే పోతుంది అంటారు పెద్దలు. ఏ కోర్టూ, ఏ పంచాయతీ తేల్చలేని సంగతులు మా ఊళ్లలో ఇలా తేలిపోయేవి.

మొగుడు పోయాక హొన్నూరమ్మను నిలబెట్టింది ఆమె అన్న నరసింహప్ప. మంగళవాడలో టమాటా, చెనక్కాయ పండిస్తాడు, ఒక గూడ్సు ఆటో ఉంది. చెల్లెలి కొడుకును మోటారు సైకిలు మీద బడి దగ్గర దించింది ఆయనే. వదిన వెంకటక్క అయితే ఆమెకు తోడబుట్టిన అక్క కంటే ఎక్కువ. ఇంట్లో ఏమి వండినా ఒక గిన్నె రాయచెర్లు వచ్చే ఆటోలో పెట్టి పంపేది. హొన్నూరమ్మకు ఈ లోకంలో ఆస్తి అంటూ ఉంటే ఆ పుట్టింటి గడపే.

ఇక ఆమె కొడుకు యోగీశ్. పొలం సోలార్‌కు పోయింది, ఏటా కౌలు కింద గుత్త వచ్చింది, ఆ గుత్తతో వాడు చదివాడు. డాక్టరో ఇంజనీరో కాలేదు, పోనీ నాలాగా అంగడైనా పెట్టలేదు. అప్లైడ్ లింగ్విస్టిక్స్ అన్నాడు. అంటే ఏందిరా అని అడిగితే, జనం భాషను ఎలా వాడతారో చూస్తాం చిన్నాయనా అన్నాడు. దానికి యూనివర్సిటీ దాకా ఎందుకు, నా అంగడి ముందు బెంచీ మీద కూర్చుంటే చాలదా అన్నాను. నవ్వాడు. చదువుకున్నవాళ్లు మనల్ని చూసి నవ్వే నవ్వు ఒకటి ఉంటుంది, అది.

వాడూ, వాడిలాంటి ఇంకొందరు పీజీ, పీహెచ్‌డీ పిల్లలూ కలిసి ఫోన్లలో ఒక గుంపు కట్టారు. పేరు 'మాటమంద'. మా తాతలకు మంద అంటే గొర్రెలు. ఈ మందలో ఉన్నవాళ్లు ఏయే నగరాల్లోనో గదుల్లో కూర్చుని, ఒకరినొకరు ఎన్నడూ చూడకుండానే, మనమంతా ఒక కుటుంబం అని రాసుకునే రకం. వాట్సాప్‌లో ఒక గ్రూపు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ, ఆదివారం ఆదివారం లైవు. ఎప్పుడు చూసినా కమ్యూనిటీ కడుతున్నాం, కమ్యూనిటీ కడుతున్నాం అనేవాడు యోగీశ్. ఊరికి వచ్చినప్పుడు మా వీధి రంగప్ప తాత ఎదురై ఎప్పుడొచ్చినావురా అని పలకరిస్తే తలెత్తేవాడు కాదు. ఆ తాత అన్న 'వచ్చినావు' మాత్రం కాసేపటికే గ్రూపులో ఉండేది, దాని కింద పది మంది ఆహా ఓహో అనేవాళ్లు. తాతకు జవాబు ఇచ్చినవాడు ఒక్కడూ లేడు.

వాడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత మంట ఉండేది కాదు.

వెంకటక్క పోయింది. కడుపు నొప్పి అని మొదలై, తెల్లారేసరికి మనిషి లేదు. మంగళవాడకు మేమందరం వెళ్లాం. యోగీశ్ సెలవుల్లో ఉన్నాడు, వాడూ వచ్చాడు. వాకిట్లో శవం, దాని పక్కన టమాటా బాక్సులతో నిండిన ఆటో ఇంకా అలాగే నిలబడి ఉంది. హొన్నూరమ్మ ఆ ఆటోను చూసింది, వదిన ముఖం చూసింది, కూర్చుని అందుకుంది.

"కడుపులో కత్తి తిప్పినట్టుండాదని రేత్రి ఫోన్లో చెప్తివి కద వదినా,
వాకిట్లో ఆటో ఉండె, ఆటో నిండా టమాటా ఉండె,
బాక్సులు దించను మాయన్నకు చేతులు రాకపాయె వదినా,
పొద్దు పొడిచినాక పోదామన్నాడే,
నీకు పొద్దు యాడ పొడిసె వదినా..."

నరసింహప్ప గోడకు ఆనుకుని తలవంచుకుని విన్నాడు. అత్తిల్లు మడకశిర నుంచి వచ్చిన కూతురు ఆశా, తల్లి కాళ్లు పట్టుకుని ఆమె కూడా అంతా విన్నది. ఏడుపు ముగిసింది. నరసింహప్ప లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి చెల్లెలి ముందు పెట్టాడు. ఆమె ముఖం కడుక్కుంది. అన్న భుజం పట్టుకుని లేచింది. ఆశా వచ్చి తండ్రి పక్కన నిలబడింది. అంతే, ఆ మాట అయిపోయింది. వెంకటక్కతో పాటే మట్టిలో కలిసిపోవలసిన మాట.

జనం మధ్యలో యోగీశ్ చెయ్యి పైకెత్తి ఉండడం నేను చూశాను. దుఃఖంతో దండం పెడుతున్నాడేమో అనుకున్నాను. చేతిలో ఫోను ఉంది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. దినాలైనా కాకముందే వాడు ఆ ఏడుపును కత్తిరించి పేజీలో పెట్టాడు. పైన 'సరిహద్దు తెలుగులో శోకం' అని పేరు. నీళ్లు తెచ్చిన ముక్క తీసేశాడు. ఎందుకు తీశావురా అని తర్వాత అడిగితే అందులో మాటలు లేవు కదా చిన్నాయనా అన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. మా వాళ్లు ఆ పద్ధతి మొత్తాన్ని మోసేది ఆ మాటల్లేని ముక్క మీదే.

మందలో పండగ చేసుకున్నారు. అక్షత అనే పిల్ల, వాడి తోటి పరిశోధకురాలు, ఇంత పచ్చిగా ఎక్కడా వినలేదు అని రాసింది. 'పొడిసె' గురించి ఒక చర్చ, 'దించను' గురించి ఒక చర్చ. వదిన ఎవరు, ఎట్లా పోయింది, పిల్లలున్నారా అని అడిగినవాడు లేడు. చివరికి 'నీకు పొద్దు యాడ పొడిసె' అన్న ముక్కతో స్టిక్కరు చేశారు. పొద్దున లేటుగా లేచినవాళ్లకు ఒకరికొకరు పంపుకుని నవ్వుకునేవాళ్లు. ఒక ఆడమనిషి చావు మీద ఏడ్చిన మాట అది.

మందలో ఉండిపోయినా బాగుండేది. ఎవరెవరో ఎత్తుకుని వాళ్లవాళ్ల పేజీల్లో పెట్టుకున్నారు. భాష సంగతి తెలియనివాళ్లకు అందులో వినిపించింది ఒక్కటే, టమాటాల కోసం పెండ్లాన్ని చంపుకున్నవాడు. కింద తిట్లు. ఊరు పేరు ఎవరో పట్టుకున్నారు, ఆటో నంబరు ఇంకెవరో పట్టుకున్నారు. హొసకోటలో టీ అంగడి దగ్గర నరసింహప్ప నిలబడి ఉండగానే ఒకడు ఫోనులో ఆ ఏడుపు గట్టిగా పెట్టాడు. నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

అంతకంటే పెద్ద దెబ్బ కూతురు. తల్లి శవం దగ్గర ఆ మాట విని తండ్రి పక్కకు వచ్చి నిలబడిన పిల్లే. కానీ మడకశిరలో అత్తింటివాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు ఫోను తెచ్చి చూపించి, ఇది మీ నాయనేనా అని అడుగుతుంటే ఎన్నిసార్లు వినగలదు? నాలుగో సారి విన్నాక ఏ పిల్లకైనా మనసు విరుగుతుంది. ఆశా తండ్రికి ఫోను చేయడం మానేసింది. ఆయన చేస్తే ఎత్తడం మానేసింది.

నరసింహప్ప కోపం చెల్లెలి మీదకు తిరిగింది. హొన్నూరమ్మ మంగళవాడ వెళితే గడప దాటనివ్వలేదు. ఏడ్చినందుకు కాదమ్మీ, అమ్మినందుకు, అన్నాడట. ఆమె అమ్మలేదు, ఆమెకు తెలియను కూడా తెలియదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేలోగా తలుపు వేశాడు. నడిచి రోడ్డు మీదికి వచ్చి, షేరు ఆటో ఎక్కి, ఇంటికి వచ్చి మా తిన్నె మీద కూలబడింది. పుట్టిల్లు పోయింది కొల్లప్పా అంది. నలుగురి కోసం అంత పొడుగు రాగాలు తీసిన మనిషి, తన కోసం అన్నది ఆ ఒక్క మాటే.

కొడుకును పిలిచి తీసెయ్యమంది. వాడు తన పేజీలో తీసేశాడు, మిగతా చోట్ల నా చేతిలో లేదమ్మా అన్నాడు. మామ దగ్గరికి వెళ్లి కాళ్ల మీద పడరా అన్నాను నేను. వాడికి అది తోచలేదు. వాడికి తోచినవి వేరు. మామతో కలిసి ఒక వివరణ వీడియో చేస్తాడట. లేదా పేజీలో ఒక క్షమాపణ రాస్తాడట, దానికి అక్షత ఇంగ్లీషు దిద్దుతుందట. చేసిన గాయానికి ఇంకొంచెం అదే మందు. ఆ తర్వాత వాడి తలకు ఇంకా పెద్ద ఆలోచన వచ్చింది. మాటమంద మొదటిసారి నిజంగా ఒకచోట కలుస్తున్నారు, హొసకోట కల్యాణ మంటపంలో. అక్కడ అమ్మకు శాలువా కప్పుతారు, అమ్మ స్టేజి మీద ఏడ్చి వినిపిస్తుంది, ఆ గౌరవం చూసి మామ మెత్తబడతాడు.

శవం లేకుండా ఏడుస్తారా ఎవరైనా? మా ఇళ్లలో ఆడపిల్ల ఆటకు రాగం తీసినా నోటి మీద కొడతారు. ఈ సంగతి వాడికి తెలియక కాదు. తెలిసినదాన్ని మరిచిపోవడానికే అంత దూరం వెళ్లి చదువుకున్నాడు.

హొన్నూరమ్మ ఒప్పుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఒప్పుకుంది. అడిగింది ఒకటే, అందరికీ కనబడేట్టు పెడతావు కదా, మడకశిరలో ఆశాకు కూడా కనబడతాది కదా అని. లైవు పెడతానమ్మా, లింకు పంపిస్తా అన్నాడు యోగీశ్, ముఖం వెలిగిపోతూ.

ఆ రోజు మంటపంలో మందను కళ్లారా చూశాను. ముప్పై మంది ఉంటారేమో. అందరికీ ఒకే టీషర్టు, దాని వీపు మీద 'నీకు పొద్దు యాడ పొడిసె'. వెంకటక్క చావు ముప్పై వీపుల మీద నడుస్తూ, సెల్ఫీలు దిగుతూ, ఉప్మా తింటూ ఉంది. ఎప్పుడూ కలవని కుటుంబం కలిసింది కదా, మాట్లాడుకుంటారేమో అనుకున్నాను. ఒక గోడ వారన కూర్చుని ఎదురుగా ఉన్నవాళ్లకే ఫోనులో మెసేజీలు పెట్టుకున్నారు. శాలువా కప్పారు. అక్షత మైకు తెచ్చి హొన్నూరమ్మ నోటి దగ్గర పెట్టింది. ఫోన్లన్నీ పైకి లేచాయి.

హొన్నూరమ్మ ఏడవలేదు. మైకు చేతిలోకి తీసుకుని, మామూలుగా, అంగడిలో బియ్యం అడిగినట్టు మాట్లాడింది.

"ఆ దినం నేను ఏడ్చింది అబద్ధం. మాయన్న అప్పుడే బాక్సులు దించినాడు. ఆటో తిప్పినాడు. మా వదినే వద్దనింది, పొద్దున పోదామనింది, అందుకే బాక్సులు మళ్లా ఎక్కిచ్చినాడు. నా కడుపుమంట కొద్దీ అన్న మాట అది. ఆశా, వినుకో తల్లీ, మీ నాయనది తప్పు లేదు."

మైకు అక్షత చేతిలో పెట్టి, శాలువా కుర్చీ మీద మడిచి పెట్టి, దిగి బయటికి నడిచింది. వెనక వరసలో ఎవడో చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. గొర్రెలన్నందుకు గొర్రెలకే క్షమాపణ చెప్పాలి.

యోగీశ్ ఇంటికి వచ్చి గింజుకున్నాడు. థీసిస్‌లో ఒక అధ్యాయం ఆ ఏడుపు మీదే ఉందట. అమ్మా, ఏది నిజం, అప్పటిదా ఇప్పటిదా, నేను పేజీ కింద వివరణ రాయాలి అని అడిగాడు. నీకు ఏది కావాలో అది రాసుకో అంది ఆమె, పొయ్యి దగ్గర నుంచి లేవకుండా. ఏడుపును లక్షల మంది చూశారట. ఈ మాటను మూడొందల మంది కూడా చూడలేదట, మధ్యలోనే వెళ్లిపోయారట. చూడాల్సిన పిల్ల ఒకతి చూసింది. ఆశా ఆ సాయంత్రమే తండ్రికి ఫోను చేసింది.

తర్వాతి వారం నరసింహప్ప ఆటో మా వీధిలోకి వచ్చింది. ఆయన దిగి, ఏమీ జరగనట్టు, బాగుండావా కొల్లప్పా అని నన్ను పలకరించి చెల్లెలి ఇంట్లోకి వెళ్లాడు. నాకు సంతోషం ఆగలేదు. నేనూ వెనకే వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను. హొన్నూరమ్మ అన్నకు రాగి ముద్ద పెట్టింది, నంజుకోవడానికి చెనక్కాయ ఊరిబిండి పెట్టింది. ఆయన తలవంచుకుని తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఆయన తినడం చూసింది. సగం తిన్నాక ఆయన చెయ్యి ఆగింది.

"నేను బాక్సులు దించలేదమ్మీ," అన్నాడు.

"తెలుసన్నా."

"టమాటా రేటు బాగుండె. పొద్దున మార్కెట్టుకు పోయేటప్పుడు అట్లే ఆస్పత్రిలో చూపిద్దాంలే అనుకుంటి. నువ్వు ఆ దినం ఏడ్చి చెప్పిందంతా నిజమే. నిజమని తెలిసే నీళ్లు తెచ్చి పెట్టినా. ఆ నిజం నాకు చెప్పినదానివి నువ్వొక్కదానివే."

ఆయన కంచంలో ముద్దను వేలితో అటూ ఇటూ కదిపాడు.

"ఇప్పుడు ఆశా రోజూ ఫోను చేస్తాండాది. నీ తప్పు లేదు నాయనా అంటాది. ఊ అంటాండా." ముఖం ఎత్తకుండానే అడిగాడు. "రేపు నేను పోతే వస్తావు కదా. నా శవం కాడ ఏమని ఏడుస్తావు?"

హొన్నూరమ్మ అన్న వంక చూసింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"మంచే చెప్తాలే అన్నా," అంది.

నరసింహప్ప మిగిలిన ముద్ద తినలేదు. చెయ్యి కడుక్కుని, ఆటో తీసుకుని మంగళవాడకు వెళ్లిపోయాడు.